నాలుగు డబ్బాలకు ఒక్క యాది

సిద్దిపేటలో మా గల్లీకి ఇరవై రెండు ఇళ్లు, మురుకుల గొట్టం మాత్రం ఒక్కటే. ఇత్తడిది, చేతికి బరువుగా ఉండేది. ఎవరు కొన్నారో మా అమ్మకు కూడా తెలియదు. దాని విషయంలో మా గల్లీలో ఒక పద్ధతి ఉండేది. వాడుకున్నవాళ్లు తిరిగి ఇచ్చేది లేదు. ఎవరైనా వచ్చి అడిగేదాకా అది వాళ్లింట్లోనే ఉంటుంది. మనకు కావాలంటే ఇల్లిల్లూ తిరగనక్కర్లేదు. కిందటిసారి మన దగ్గర్నుంచి ఎవరు తీసుకుపోయారో వాళ్లను అడిగితే చాలు. వాళ్ల దగ్గర లేకపోతే "నేను మూలమీది ఇంటామెకు ఇచ్చిన" అంటారు. ఆమె ఇంకో ఇల్లు చూపిస్తుంది. రెండు మూడు గడపలు ఎక్కి దిగేసరికి గొట్టం చేతికొస్తుంది. దారి చూపినవాళ్లకు అది ఇక మనింట్లో ఉంటుందని తెలుసు కాబట్టి, తర్వాత అడిగినవాళ్లను నేరుగా మనింటికే పంపుతారు. ఇందుకు పెద్దమనిషి లేడు, రాసిపెట్టుకునే పుస్తకం లేదు.

చిన్నప్పుడు ఆ గొట్టం కోసం గడపలు తొక్కే పని నాదే. ఆ పనంటే నాకు ఒళ్లుమంట. పోయిన ప్రతి ఇంట్లో కూర్చోబెట్టి, ఏం చదువుతున్నవ్, మీ అమ్మ బడికెళ్లి ఎప్పుడొస్తది అని ఆరా తీసేవాళ్లు. అమ్మ దౌల్తాబాద్ దగ్గర ఒక ప్రైమరీ బడిలో టీచరు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేది. ఇంట్లో మేమిద్దరమే. కాబట్టి గొట్టం వెతుక్కొచ్చేందుకు నేను తప్ప దిక్కు లేదు.

ఆ ఇత్తడి గొట్టమే ఒకనాడు నా చదువును గట్టెక్కిస్తుందని నేను అనుకోలేదు.

తొంభైల మొదట్లో నేను హైదరాబాదులో ఎం.టెక్. చేస్తున్నాను. ప్రాజెక్టుకు నేను పట్టుకున్న విషయం, చెప్పడానికి సులువు, చేయడానికి కష్టం. కంప్యూటర్లను వైర్లతో కలిపినంత మాత్రాన వాటి మెమరీలు కలవవు. దేని మెమరీ దానిదే, పక్కదాని కడుపులో ఏముందో దీనికి తెలియదు. అన్నిటికీ కలిపి ఒకటే మెమరీ ఉన్నట్టు చేయాలంటే రెండు దారులున్నాయి. ఒకటి హార్డ్‌వేర్ దారి: అందరికీ అందేలా ప్రత్యేకమైన బోర్డు ఒకటి తయారు చేసి మధ్యలో పెట్టడం. రెండోది సాఫ్ట్‌వేర్ దారి: మెమరీ ఎక్కడిదక్కడే ఉంటుంది, కానీ ఒకదానికి కావలసింది ఇంకోదాని దగ్గర ఉంటే అడిగి తెచ్చుకుంటుంది. పైనుంచి చూసేవాళ్లకు ఒకే మెమరీ అనిపిస్తుంది, లోపల మాత్రం అడగడాలూ తెచ్చుకోవడాలూ నడుస్తుంటాయి.

మా గైడు సారు మొదటి దారి మనిషి. విదేశం నుంచి బోర్డు తెప్పిస్తున్నాననీ, అది రాగానే పని మొదలుపెట్టవచ్చనీ చెప్పారు. రేపన్నారు, మాపన్నారు, ఏడాది గడిచింది. బోర్డు ఏ ఓడలో ఉందో దేవుడికే తెలియాలి. కోర్సు ముగియడానికి ఆరు నెలలుందనగా నేను తెగించి, మామూలు కంప్యూటర్లు నాలుగు పెట్టుకుని సాఫ్ట్‌వేర్‌తో చేస్తానని సారుకు చెప్పాను.

"సాఫ్ట్‌వేర్‌తో చేస్తే నత్తనడక నడుస్తుందమ్మా" అన్నారు సారు.

"నడిస్తే చాలు సార్" అన్నాను. నా నోరు అప్పట్లో అలాగే ఉండేది, ఇప్పుడూ పెద్దగా మారలేదు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "సరే, మే నెలాఖరుకు నాలుగు మిషన్ల మీద నడిపి చూపించు. లేకపోతే టాపిక్ మార్చుకో" అన్నారు. టాపిక్ మార్చడం అంటే ఇంకో ఏడాది. ఇంకో ఏడాది అంటే అమ్మ జీతంలో సగం మళ్లీ నా హాస్టలుకు. ఆ మాట అమ్మకు చెప్పే ధైర్యం నాకు లేదు.

కాలేజీలో నాలుగు కంప్యూటర్లను నెలల తరబడి వైర్లతో కట్టేసుకుంటానంటే ఎవరూ ఒప్పుకోరు. సిద్దిపేటలో అప్పుడే మందుల దుకాణం పైన ఒక కంప్యూటర్ సెంటర్ పెట్టారు. ఆరు కంప్యూటర్లు, అందులో ప్రాణం ఉన్నవి నాలుగు. సాయంత్రం ఒక బ్యాచ్‌కు నేను పాఠం చెప్పేలా, పొద్దున తొమ్మిదింటిదాకా కంప్యూటర్లు నా చేతిలో ఉండేలా దాని ఓనరుతో మాట్లాడుకుని, సామాను సర్దుకుని ఇంటికొచ్చేశాను. ఇక కావలసింది వైర్లు. అందుకు గల్లీ చివరి దుకాణానికి వెళ్లాను.

ఆయన్ను ఊరంతా రేడియో భాయి అనేది. నేను చిన్నప్పటి నుంచి చాచా అనేదాన్ని. దుకాణం నిండా కడుపులు విప్పిన రేడియోలు, టేప్ రికార్డర్లు, వెనక మూతలు తీసిన టీవీలు. ఎప్పుడు వెళ్లినా వైర్లు అతికే సోల్డరు కాలుతున్న వాసన. కళ్లజోడుకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేవాడు. చదివింది ఏడో తరగతి వరకు, అదీ ఉర్దూ బడిలో. చెవి దగ్గర పెట్టుకుని వింటే ఏ రేడియోలో ఏం పోయిందో చెప్పగలడని ఊళ్లో పేరు.

వైరు కొలతలు చెప్పాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం పనికి బేటీ గింత వైరు?"

సెమినారులో చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టాను. కాసేపు విని చెయ్యెత్తి ఆపాడు.

"అంటే నాలుగు డబ్బాలకు ఒక్క యాది అంటవ్."

నేను ఆ విషయం మీద అప్పటికి ముప్పై పేపర్లు చదివాను. ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు. అవునన్నాను.

"గట్లయితే ఈ అడుగుడు, తెచ్చుకునుడు ఎందుకు? యాదిని ఒక డబ్బాల వెట్టి నడుమ పెట్టు. ఎవలికి కావాలంటే వాళ్లు చూస్కుంటరు."

"మా సారు గూడ గదే అంటడు చాచా. గా డబ్బా ఫారిన్ నుంచి రావాలె."

"ఫారిన్ నుంచి ఎందుకు? నేను చేస్త."

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. చాచా నా నవ్వును పట్టించుకోనట్టే వైరు కొలవడం మొదలుపెట్టాడు. ఎంత అవుతుందని అడిగితే తల ఊపాడు.

"పైసల ముచ్చట వద్దు. నువ్వు దీని మీద కితాబు రాస్తవ్ గద?"

"రాస్త. అది లేకుంటే డిగ్రీ ఇయ్యరు."

"గండ్ల నా పేరు పడాలె. ముప్పై ఏండ్ల సంది ఊరందరి రేడియోలు ఇప్పుతున్న. దేని మీద నా పేరు లేదు, అన్నిటి మీద కంపెనోని పేరే. ఒక్క కాడ పడితే చాలు."

"పడుతది చాచా" అన్నాను. ఆ మాట ఇవ్వడానికి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఆ ఎండాకాలం పొద్దుటి పూటలు నాకు ఇప్పటికీ ఇష్టం. ఆరింటికి మందుల దుకాణం షట్టరు పక్క మెట్లెక్కి పోయేదాన్ని. కింద కూరగాయల బండ్లు బస్టాండు వైపు పోయే చప్పుడు, గజ్వేల్ బస్సు హారను, ఎదురుగా హోటల్లో అల్లం దంచే చప్పుడు. ఎనిమిదింటికి చాచా రెండు చాయ్ గ్లాసులు పట్టుకుని పైకొచ్చేవాడు. నా నాలుగు కంప్యూటర్లను వైర్లతో వరసగా కట్టింది ఆయనే. ప్రతి వైరు చివర సోల్డరు గింజ ముత్యంలా ఉండేది.

పని నడవడానికి నేనొక పరీక్ష పెట్టుకున్నాను. పెద్ద ముగ్గు ఒకటి, నాలుగు భాగాలు. ఒక్కో కంప్యూటరు ఒక్కో భాగం గీయాలి, కానీ మొత్తం ముగ్గు నాలుగు తెరల మీదా కనిపించాలి. గీసే లెక్క ఉన్న మెమరీ ముక్కను పేజీ అంటారు. ఆ పేజీ ఒకసారి ఒకరి దగ్గరే ఉండాలి, లేకపోతే ఇద్దరు రెండు రకాలుగా దిద్ది పాడుచేస్తారు. మరి పేజీ ఎవరి దగ్గరుందో మిగతావాళ్లకు తెలిసేదెలా? మొదట ఒక కంప్యూటర్ను పెద్దమనిషిని చేశాను. పేజీ ఎవరి దగ్గరుందో అది రాసిపెట్టుకుంటుంది, అందరూ దాన్నే అడగాలి. ముగ్గురూ ఒక్కసారి అడిగితే పెద్దమనిషి ఉక్కిరిబిక్కిరై ఆగిపోయేది. రెండు వారాలు దానితో తల పగలగొట్టుకున్నాను.

ఒక ఆదివారం అమ్మ మురుకుల పిండి కలిపి, "గొట్టం తేపో" అంది. అంత చదువు చదివినా నా పాత ఉద్యోగం పోలేదన్నమాట. తిట్టుకుంటూ కిందటిసారి ఇచ్చిన ఇంటికి వెళ్లాను. ఆమె ఇంకో ఇల్లు చెప్పింది. ఆ ఇంటామె మూలమీది ఇల్లు చెప్పింది. మూలమీది ఇంట్లో గొట్టం చేతికి తీసుకున్నాక అక్కడే గడపలో నిలబడిపోయాను. పెద్దమనిషి ఎందుకసలు? ప్రతి కంప్యూటరూ పేజీని కిందటిసారి ఎవరికిచ్చిందో అదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. అడిగినవాళ్లకు అటు చూపిస్తుంది. ఇరవై రెండు ఇళ్లలో ఇన్నేళ్లుగా నడుస్తున్న పద్ధతి నా ఇంట్లోనే పెట్టుకుని, నేను అమెరికా పేపర్లు తిరగేస్తున్నాను.

గొట్టంతో సహా సెంటరుకు పోయాను. మధ్యాహ్నం దాటి ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"గొట్టమేది?"

కంప్యూటరు మీద మరిచిపోయి వచ్చాను.

"పిండి పులిసి పాయె. గొట్టం తెమ్మంటే గొట్టాన్ని చదివిస్తున్నవా ఏంది?" అంది అమ్మ. ఆ వారమంతా మా ఇంటికొచ్చి అడిగినవాళ్లకు గొట్టం కంప్యూటర్ల కాడికి పోయిందని చెప్పి పంపింది.

పద్ధతి నడిచింది. నాలుగు తెరల మీదా ఒకే ముగ్గు మెల్లగా పూచింది. మెల్లగా అంటే చాయ్ చల్లారేంత మెల్లగా. చాచా కుర్చీలో కూర్చుని చూసి, "నీ మిషన్లు పని తక్కువ, ముచ్చట్లు ఎక్కువ చేస్తున్నయ్" అనేవాడు. నాకు కోపం వచ్చేది, ఎందుకంటే నిజం. గీసే సమయం కన్నా ఒకదాన్నొకటి అడుక్కునే సమయమే ఎక్కువ.

ఇంతలో ఆయన డబ్బా తయారైంది. హైదరాబాదు కోఠీకి తానే పోయి చిప్పులు ఏరుకొచ్చి, పాత బిస్కెట్ల డబ్బాలో బిగించాడు. ప్రింటరు తగిలించే చోటు నుంచి వైర్లు తీసి రెండు కంప్యూటర్లను దానికి కలిపాడు. ఇద్దరూ ఒక్కసారే ముట్టుకుంటే ఎట్లా అని నేను అడిగాను. ముందు ముట్టుకున్నవాళ్ల వైపు బల్బు వెలుగుతుంది, అది ఆరేదాకా రెండోవాళ్లు ఆగాలి, అలా సర్క్యూటు కట్టానన్నాడు. "స్నానాల గది గడియ లెక్క. లోపల ఎవలన్న ఉంటే బయటోళ్లు ఆగుతరు గద" అన్నాడు. ఒక వైపు ఎర్ర బల్బు, ఇంకో వైపు పచ్చ బల్బు. లోపల మూడు పెన్సిల్ సెల్లులు కూడా పెట్టాడు.

"సెల్లులెందుకు చాచా? కరెంటు మిషన్ల నుంచి తీస్కోవచ్చు."

"కరెంటు పోతే యాది పోవద్దు గద. సిద్దిపేటల ఉండి కరెంటు పోదంటవా?"

డబ్బాతో మాట్లాడే ప్రోగ్రాం నేను రాశాను. రెండు కంప్యూటర్ల మీద ముగ్గులో ఒక మూల పెడితే రెప్పవేసేలోగా పడింది. నేను చూసి కూడా ఒప్పుకోలేదు. రెండు మిషన్లకైతే సరే, పది మిషన్లకు నీ డబ్బాకు పది బొక్కలు పెడతావా అన్నాను. నా ప్రోగ్రాముకు పదైనా ఇరవై రెండైనా ఒకటే. "నీది అందరికి వస్తది గని నిదానం. నాది జల్ది గని ఇద్దరికే" అన్నాడు చాచా. మేం పోట్లాడుకున్న రెండు నెలల సారం అదే, నా పుస్తకంలో నేను నలభై పేజీల్లో రాసిందీ అదే.

మే చివరి వారంలో సారు బస్సులో వచ్చారు. కంప్యూటర్లను హైదరాబాదుకు మోసుకుపోలేను కాబట్టి ఆయన్నే రమ్మన్నాను. గజ్వేల్లో బస్సు ఆగినప్పుడు కొన్న బీరకాయలు సంచిలో ఉన్నాయి. ఎండకు ముఖం కందిపోయి ఉంది. చాచా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

ముగ్గు మొదలుపెట్టాను. నాలుగు తెరలూ బాగానే నడుస్తున్నాయి. సారు చేతులు కట్టుకుని చూస్తున్నారు. ముప్పావు ముగ్గు పడేసరికి కరెంటు పోయింది.

సెంటర్లో యూపీఎస్ రెండు కంప్యూటర్లకే ఉండేది. మూడోది, నాలుగోది చచ్చిపోయాయి. బతికున్న రెండూ ముగ్గు ఆపేసి పేజీ కోసం నాలుగోదాన్ని అడుగుతూ ఉండిపోయాయి. అడుగుతున్నా, అడుగుతున్నా అని తెర మీద అదే వరస. నాకు వెంటనే అర్థమైంది. ఒకసారి మా గల్లీలో ఒకామె గొట్టం ఇంట్లో పెట్టి, తాళం వేసి, మద్దూరులో పుట్టింటికి పోయి పదిహేను రోజులు రాలేదు. అందరూ ఆ తాళం వేసిన తలుపు దాకా వచ్చి వెనక్కి పోయారు. ఆ పదిహేను రోజులు మా గల్లీలో మురుకులు లేవు. ఆ సంగతి చెప్పుకుని ఎన్నిసార్లో నవ్వుకున్నాం కానీ, ప్రోగ్రాంలో దానికి మందు పెట్టాలని నాకు తట్టలేదు. పద్ధతి గల్లీ నుంచి ఎత్తుకొచ్చినప్పుడు దాని రోగం కూడా వెంట వచ్చింది.

సారు చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. ఇంకో ఏడాది, హాస్టలు, అమ్మ ముఖం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

"డబ్బా పెట్టు బేటీ" అన్నాడు చాచా తలుపు దగ్గర నుంచే, మెల్లగా.

యూపీఎస్ మీద ఉన్న రెండు కంప్యూటర్లకే డబ్బా తగిలించి ఉంది. రెండో ప్రోగ్రాం ఎక్కించాను. ఎర్ర బల్బు, పచ్చ బల్బు ఒకదాని వెనక ఒకటి మిణుకుమన్నాయి. ముగ్గు మొదట్నుంచి పడటం మొదలైంది. ఈసారి మొత్తం ముగ్గు కాబట్టి కొంచెం సేపు పట్టేదే. సగానికి వచ్చేసరికి యూపీఎస్ కూయడం మొదలుపెట్టి, అది కూడా ఆరిపోయింది. గదిలో చీకటి లేదు కానీ ఎవరి ముఖం ఎవరూ చూసుకోలేదు. ఎదురు హోటల్ నుంచి చాయ్ తెప్పించాను. అరగంటకు కరెంటు వచ్చింది. కంప్యూటర్లు మళ్లీ వేసి ప్రోగ్రాం ఎక్కిస్తే, ముగ్గు ఆగిన చుక్క దగ్గర నుంచే లేచి పూర్తయింది. మూడు పెన్సిల్ సెల్లులు దాన్ని కాపాడాయి.

సారు కళ్లజోడు పెట్టుకుని డబ్బాలోకి తొంగి చూశారు.

"ఇది ఎవరు చేశారు?"

"మా చాచా సార్, అక్కడ నిలబడ్డారే, ఆయన" అన్నాను. ఆ పూట ఆ మాట నా నోట సూటిగానే వచ్చింది.

సారు లేచి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. ఎంతవరకు చదువుకున్నారని అడిగారు. ఏడు అని చెప్పి చాచా చొక్కా గుండీ సవరించుకున్నాడు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను మళ్లీ చూడలేదు.

బస్టాండులో సారును బస్సెక్కించడానికి వెళ్లాను. సారు హుషారుగా ఉన్నారు, నాలుగు మిషన్ల మీద ముప్పావు ముగ్గు చూశాను కదా, టాపిక్ మార్చనక్కర్లేదన్నారు. రెండు పద్ధతులూ పక్కపక్కన పెట్టి రాయమన్నారు, ఏది ఎక్కడ తప్పుతుందో చూపిస్తే మంచి థీసిస్ అవుతుందన్నారు. బస్సు కదలబోతుండగా కిటికీలోంచి వంగి, "ఆయన పేరు మాత్రం పెట్టకమ్మా. మెకానిక్ చేసిందంటే ఎగ్జామినర్లు నీ పని కాదంటారు, డిగ్రీ ఆగిపోతుంది. లోకల్‌గా చేయించిన పరికరం అని రాసెయ్" అన్నారు. నేను తల ఊపాను. సారు చెడ్డవారు కాదు, నా మంచికే చెప్పారు. నా మంచికే చెప్పిన మాట కాబట్టే కాదనడం కష్టమైంది.

డబ్బా బొమ్మ ముప్పై ఏడో పేజీలో వచ్చింది. దాని కింద ఇంగ్లీషులో ఒక వాక్యం, ఇది స్థానికంగా తయారైన పరికరం అని. కృతజ్ఞతల పేజీలో ఆయన పేరు రాసి తీసుకువెళ్తే సారు ఎర్ర సిరాతో కొట్టేశారు. ఇంత వరకు సారు మీద తోసేయవచ్చు. కానీ సారు సంతకం అయిపోయాక, ఆఖరి ప్రతి టైపు చేసే ఆవిడ "ఇంకేమైనా కలపాలా మేడం?" అని అడిగింది. కలపాల్సింది ఒక్క పేరు. ఏమీ లేదన్నాను. అక్కడ సారు లేరు, ఎగ్జామినరు లేడు, నేను ఒక్కదాన్నే ఉన్నాను.

అమ్మకు చెప్పాను. "ఏరు దాటినంక తెప్ప తగలవెట్టినట్టు చేసినవ్" అని మాత్రం అంది.

మూడు ప్రతులు బైండు చేయించాను. ఒకటి కాలేజీ లైబ్రరీకి, ఒకటి నాకు, ఒకటి చాచాకు. చాచా చేతులు కడుక్కుని, తువాలుతో తుడుచుకుని పుస్తకం తీసుకున్నాడు. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు తడిమాడు.

"నా పేరు ఏడుంది బేటీ?"

ముప్పై ఏడో పేజీ తీసి, బొమ్మ కింద వాక్యం మీద వేలు పెట్టాను. ఆయన ఇంగ్లీషు చదవలేడని నా ధైర్యం. ఆయన కళ్లజోడు ఎక్కించుకుని నా వేలి వైపు చాలాసేపు చూశాడు.

"మంచిగ పడ్డది" అన్నాడు. ఆ పేజీలో ఒక దారప్పోగు పెట్టి పుస్తకం పై అరలో పెట్టాడు. చాయ్ తెప్పించాడు. నేను గబగబా తాగి నాలుక కాల్చుకున్నాను.

డిగ్రీ వచ్చింది. అదే కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం కూడా వచ్చింది. సిద్దిపేట వచ్చినప్పుడల్లా గల్లీలోకి అవతలి వైపు నుంచి తిరిగి వచ్చేదాన్ని, చాచా దుకాణం ముందు నుంచి రాకుండా. తర్వాతి ఎండాకాలం ఒక రోజు నా ప్రతి తీసి, ముప్పై ఏడో పేజీ మార్జిన్లో ఆయన పేరు పెన్నుతో రాశాను. ఏదో బరువు దిగినట్టు అనిపించింది. అది ఉత్త భ్రమ. ఒకరి దగ్గరున్న కాపీ దిద్దినంత మాత్రాన మిగతావాళ్ల దగ్గరున్నవి దిద్దుకోవు, పోయి చెప్పాలి. క్లాసులో పిల్లలకు ఏటా బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పే పాఠం అది. నేను పోయి చెప్పడానికి ఇంకా నాలుగేళ్లు పట్టింది.

ఆ దశాబ్దం చివర్లో అమ్మ చెప్పింది, చాచా దుకాణం మూసేస్తున్నాడని. రేడియోలు బాగు చేయించుకునేవాళ్లు లేరు, టీవీ చెడిపోతే కొత్తది కొంటున్నారు. గజ్వేల్లో బిడ్డ దగ్గరికి పోతున్నాడట. ఆ మాట చెబుతూ అమ్మ కొత్త స్టీలు గొట్టంతో మురుకులు ఒత్తుతోంది. అప్పటికి ఇంటింటికీ ఒకటి వచ్చేసింది. ఇత్తడిది ఎవరింట్లో ఉందని అడిగితే అమ్మ ఒక ఇల్లు చెప్పింది. నేను పోయి అడిగితే ఆ ఇంటివాళ్లు మా ఇల్లే చెప్పారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంటింటికీ గొట్టం ఉండటం సుఖమే, కాదనను. కానీ ఆ గడపలన్నీ ఎక్కి దిగిన పిల్లను నేనే కదా.

నా పుస్తకం సంచిలో పెట్టుకుని దుకాణానికి వెళ్లాను. సగం ఖాళీ అయింది. చాచా గోనె సంచిలో సామాను వేస్తున్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది.

"రా బేటీ. పై అరల కితాబు ఉంది, జర అందియ్యి. అది మూటల వెయ్య, చేతుల పట్టుకపోత."

తీశాను. దారప్పోగు ఉన్న చోట దానంతటదే తెరుచుకుంది. బొమ్మ కింద, ఆ వాక్యం పక్కన, నీలం సిరాతో ఉర్దూలో రెండు మాటలు. వాటి కింద అవే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో. చిప్పుల మీద ఉండే అక్షరాల్లాగే, నలుచదరంగా, ఒక్కొక్కటి విడివిడిగా. ఆయన పేరు.

"చాచా, నీకు ఇంగ్లీష్ వస్తదా?"

"ఐసీ చిప్పుల మీద ఉర్దూల రాస్తరా ఏంది?" అని నవ్వాడు. "ఏబీసీడీలు వస్తయ్. లైను మొత్తం తెల్వదు గని, గండ్ల నా పేరు లేదని గా దినమే తెలిసింది."

"మరి అడగకపోతివి?"

ఆయన సంచి మూతి కట్టడం ఆపి నా వైపు చూశాడు.

"నీ వేలు వణుకుతుండె బేటీ."

నేను ఎవరి ముందూ ఏడ్చే మనిషిని కాదు. ఆ రోజు ఆ ఖాళీ దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. తప్పయింది చాచా అన్నాను. ఆయన కూజాలోంచి నీళ్లు పోసి ఇచ్చాడు. తాగాక నా సంచిలోంచి నా ప్రతి తీసి ముప్పై ఏడో పేజీ చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, నేను రాసిన పేరును ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, తన పుస్తకంలోని పేరుతో సరిచూసుకున్నాడు. ఒక్క అక్షరం కూడా తేడా లేదు.

"ఎప్పుడు రాసినవ్?"

"మల్ల ఏడాది ఎండాకాలం. నువ్వో?"

"నువ్వు గటు పోంగనే" అన్నాడు. ఆ తర్వాత నా పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. "గిది నాకుండనియ్యి, నీ చేతి రాత. నాది నువ్వు తీస్కపో."

ఆయన పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది, దారప్పోగుతో సహా. మిగిలింది లైబ్రరీ ప్రతి. లైబ్రరీ పుస్తకాల మీద రాతలు రాయకూడదని నేనే పిల్లలను ఎన్నోసార్లు తిట్టాను. సెలవు అయిపోగానే సోమవారం పొద్దున లైబ్రరీకి వెళ్లి, ముప్పై ఏడో పేజీ తీసి, మార్జిన్లో ఆయన పేరు పెన్నుతో పెద్దక్షరాల్లో రాశాను. వేలు వణకలేదు. ఈ కథలో నేను ఎవరి పేరూ రాయలేదు. ఆయన పేరు ఆయన అడిగిన చోట, మూడు పుస్తకాల్లోనూ ఉంది.